పర్యాటక వీసాపై వచ్చి అమెరికా పౌరుడిని పెళ్లి చేసుకుంటే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు ఎలా చేయాలి

మా పిన్ని కూతురు 2024 ఆగస్టులో బీ-2 (పర్యాటక) వీసాపై న్యూజెర్సీ వచ్చింది. అక్క కాన్పుకు సాయంగా ఉండి, ఆరు నెలల్లోపు విజయవాడ వెళ్లిపోవాలన్నది అప్పటి ఆలోచన. నవంబరులో అనుకోకుండా సంబంధం కుదిరింది. అబ్బాయి ఇక్కడే పుట్టి పెరిగిన అమెరికా పౌరుడు. పెళ్లయ్యాక దరఖాస్తు కాగితాలన్నీ మా ఇంట్లో భోజనాల బల్ల మీద పరచుకుని, నాలుగు వారాల పాటు కూర్చుని సర్దాం. ఆ తర్వాత ఇదే స్థితిలో ఉన్న అమ్మాయిలు, అబ్బాయిలు, వారి తల్లిదండ్రులు చాలామంది నన్ను అడిగారు. అందరిదీ ఒకటే ప్రశ్న: తిరిగి ఇండియా వెళ్లి రావాలా, ఇక్కడే ఉండి చేసుకోవచ్చా?

ఇక్కడే ఉండి చేసుకోవచ్చు. ఈ పద్ధతిని అడ్జస్ట్‌మెంట్ ఆఫ్ స్టేటస్ అంటారు. అయితే అది అందరికీ వర్తించదు. వర్తించేవారు కూడా ఒక్క అబద్ధంతో దాన్ని పోగొట్టుకోవచ్చు. అందుకే ఫారాల సంగతికి ముందు రెండు విషయాలు తేల్చుకోవాలి.

ఈ దారి మీకు ఉందా?

మొదట చూడాల్సింది, మీరు పెళ్లి చేసుకున్నది పౌరుడినా, గ్రీన్‌కార్డు ఉన్నవారినా అన్నది. మన వాళ్లలో చాలామంది "అమెరికాలో సెటిలయ్యాడు" అన్న ఒక్క మాటతో రెండింటినీ కలిపేస్తారు. చట్టం దృష్టిలో ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. పౌరుల భార్య లేదా భర్త 'ఇమ్మీడియెట్ రెలెటివ్' కిందికి వస్తారు. వారికి ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు, వరుసలో ఎదురుచూడనక్కర్లేదు. అనుమతించిన గడువు దాటిపోయినా, అనుమతి లేకుండా కొన్నాళ్లు పనిచేసినా ఆ కారణంతోనే దరఖాస్తు తోసిపుచ్చరు. గ్రీన్‌కార్డు ఉన్నవారి జీవితభాగస్వామికి ఈ మినహాయింపులు లేవు. వారు వరుసలో ఆగాలి, ఆగినంత కాలం స్టేటస్ చెడకుండా చూసుకోవాలి. పర్యాటక వీసా మీద అది దాదాపు సాధ్యం కాదు. హెచ్-1బీ మీద ఉన్న అబ్బాయిని చేసుకుంటే అసలు ఈ వ్యాసంలోని దారే లేదు, హెచ్-4 (హెచ్-1బీ ఉన్నవారి జీవితభాగస్వామికి ఇచ్చే వీసా) సంగతి చూసుకోవాలి.

రెండోది, మీరు దేశంలోకి అధికారి తనిఖీ ద్వారా వచ్చి ఉండాలి. విమానాశ్రయంలో ముద్ర వేయించుకుని వచ్చినవారికి ఇబ్బంది లేదు. సరిహద్దు దాటి దొంగదారిన వచ్చినవారు పౌరులను పెళ్లాడినా ఈ పద్ధతిలో దరఖాస్తు చేయలేరు. కె-1 (పౌరుడిని పెళ్లాడబోయేవారికి ఇచ్చే) వీసాపై వచ్చినవారు ఆ వీసాకు పిటిషన్ పెట్టిన వ్యక్తిని కాక మరొకరిని చేసుకున్నా, ఓడ సిబ్బంది వీసాపై వచ్చినా కుదరదు. గతంలో జే-1 (ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల) వీసాపై వచ్చి, రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు తీరకపోయినా ఆగిపోతుంది. స్వలింగ దంపతుల వివాహాలకు కూడా 2013 నుంచి ఇవే నియమాలు వర్తిస్తున్నాయి.

ఇక్కడే ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు నమోదు చేసే పత్రం) గురించి చెప్పాలి. సరిహద్దు భద్రతా విభాగం వెబ్‌సైటులో పాస్‌పోర్టు నంబరు కొడితే ఒక పేజీ వస్తుంది. ఈ రోజే ముద్రించి దాచుకోండి. మీరు ఎప్పటి వరకు ఉండవచ్చో చెప్పేది ఆ పేజీలోని గడువు తేదీ, వీసా మీద ఉన్న పదేళ్ల తేదీ కాదు. మా పిన్ని ఫోను చేసి "వీసా 2033 దాకా ఉంది కదమ్మా, తొందరేముంది" అన్నప్పుడు ఆ పేజీని ఫొటో తీసి పంపాను. దాని మీద గడువు 2025 ఫిబ్రవరి.

ఏ ఉద్దేశంతో వచ్చారు?

ఈ దరఖాస్తు ప్రాణమంతా ఇక్కడే ఉంది. బీ-2 వీసా ఇచ్చేది తిరిగి వెళ్లేవారికి. నానక్‌రాంగూడ కాన్సులేట్ కిటికీ ముందు మీరు చెప్పిన సమాధానం, డీఎస్-160లో (వీసా దరఖాస్తు ఫారంలో) రాసిన సమాధానం, విమానాశ్రయంలో అధికారికి చెప్పిన మాట మీ ఫైలులోనే ఉంటాయి. డీఎస్-160లో అమెరికాలో దగ్గరి బంధువులు ఉన్నారా అన్న ప్రశ్న ఉంది. ఆ దగ్గరి బంధువుల్లో నిశ్చితార్థం అయిన వ్యక్తి కూడా ఉంటారు. ఇండియాలో తాంబూలాలు పుచ్చుకుని, ఆ ప్రశ్నకు 'లేదు' అని రాసి, 'ఊరు చూడటానికి' అని చెప్పి వచ్చి పెళ్లి చేసుకుంటే అది ముఖ్యమైన విషయంలో తప్పుడు సమాచారం ఇవ్వడం అవుతుంది. దాని శిక్ష జీవితాంతం ఉండే నిషేధం. మినహాయింపు కోరవచ్చు, కానీ దానికి వేరే దరఖాస్తు పెట్టాలి, మీరు లేకపోతే భర్తకో భార్యకో తీవ్రమైన కష్టం కలుగుతుందని నిరూపించాలి.

దీనికి భిన్నమైనది ఇంకొకటి ఉంది. అబద్ధమేదీ చెప్పలేదు, కానీ వచ్చేటప్పుడే మనసులో ఇక్కడ ఉండిపోవాలన్న ఆలోచన ఉందని అధికారి అనుమానించారు. అది మీకు ప్రతికూలమే. అయితే 1980లో కవాసోస్ కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు, పౌరుల దగ్గరి బంధువుల విషయంలో వేరే చెడ్డ అంశాలు లేకపోతే ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదన్న దిశలో తీర్పు ఇచ్చింది. న్యాయవాదులు ఇప్పటికీ ఆ తీర్పునే ముందు పెడతారు.

'తొంభై రోజుల నియమం' గురించి కూడా వింటారు. ఇది విదేశాంగ శాఖ 2017లో కాన్సులర్ అధికారుల కోసం పెట్టుకున్నది. వచ్చిన 90 రోజుల్లోపు పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోతే, వచ్చేటప్పుడు అబద్ధం చెప్పారని అనుమానించవచ్చన్నది దాని సారం. గ్రీన్‌కార్డు దరఖాస్తును చూసే యూఎస్‌సీఐఎస్ దీనికి కట్టుబడి లేదు. అలాగని తొంభై ఒకటో రోజున దోషం పోదు. రోజులు లెక్కపెట్టి ముహూర్తం పెట్టించుకునేవారిని చూశాను. జరిగింది జరిగినట్టు తేదీలతో సహా చూపగలగడమే ముఖ్యం. మా చెల్లెలు తిరుగు టికెట్టు, విజయవాడలో తన ఉద్యోగానికి పెట్టిన సెలవు చీటీ, సంబంధం మాట మొదటిసారి వచ్చిన నాటి సందేశాలు అన్నీ భద్రపరిచింది. ఎవరూ అడగలేదు, కానీ అవి సంచిలో ఉన్నాయన్న ధైర్యం వేరు.

పెళ్లి ముందే ఖాయమై, ఇంకా ఇండియాలోనే ఉన్నవారు ఈ దారి పట్టకండి. పెళ్లి చేసుకుని ఐ-130 (భార్య లేదా భర్త కోసం పౌరుడు పెట్టే పిటిషన్) పెట్టి, ముంబయి కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా తీసుకుని రండి. ఆలస్యమైనా అది కడిగిన ముత్యంలాంటి దారి.

పెళ్లి కాగితం మీద కూడా జరగాలి

గుడిలో జీలకర్ర బెల్లం పెట్టుకుని మూడు ముళ్లు వేయించుకున్నా, లైసెన్సు లేకపోతే అది ప్రభుత్వం లెక్కలో పెళ్లి కాదు. న్యూజెర్సీలో మీలో ఒకరు ఉంటున్న ఊరి రిజిస్ట్రార్ దగ్గర ఒక సాక్షితో వెళ్లి దరఖాస్తు చేయాలి. రుసుము 28 డాలర్లు. 72 గంటలు ఆగాక లైసెన్సు ఇస్తారు. టెక్సస్‌లో లైసెన్సు కౌంటీ క్లర్కు ఇస్తారు. అక్కడ లైసెన్సు చేతికొచ్చాక 72 గంటలు ఆగి పెళ్లి చేసుకోవాలి. పెళ్లి చేయించే పంతులుగారికి ఆ రాష్ట్రంలో సంతకం పెట్టే అధికారం ఉందో లేదో ముందే కనుక్కోండి. మా వాళ్ల పెళ్లిలో అప్పగింతల ఏడుపుల మధ్య పంతులుగారే గుర్తుచేసి, పసుపు అంటిన చేత్తో కలం పట్టుకుని లైసెన్సు మీద సంతకం పెట్టారు. ఆ కాగితం తిరిగి రిజిస్ట్రార్‌కు చేరాకే ధ్రువీకరించిన నకలు ఇస్తారు. మూడు నకళ్లు తీసుకోండి. పెళ్లి ఫొటోల కన్నా దాని విలువ ఎక్కువ.

ఇండియా నుంచి తెప్పించుకోవాల్సినవి

మన వాళ్లకు ఎక్కువ కాలం పట్టేది ఇదే. జనన ధ్రువపత్రంలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన తేదీ, ఊరు ఉండాలి. మన పాత రిజిస్టర్లలో బిడ్డ పేరు గడి చాలాసార్లు ఖాళీగా ఉంటుంది, ఎందుకంటే పుట్టిన రోజున పేరు ఎవరు పెడతారు? నాన్నగారిని మున్సిపాలిటీకి, లేదా మీసేవ కేంద్రానికి పంపి పేరు చేర్పించండి. అసలు నమోదే లేదంటే, నమోదు లేదన్న ధ్రువపత్రం తీసుకుని, దానితో పాటు పదో తరగతి మెమో, మీ పుట్టుక తెలిసిన ఇద్దరు పెద్దవారి అఫిడవిట్లు జతచేయాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికి ఇంగ్లీషు అనువాదం, దాని కింద రెండు భాషలూ తెలుసునని, అనువాదం పూర్తి, సరైనదని అనువాదకుడి సంతకం ఉండాలి. నోటరీ అక్కర్లేదు.

పేరు సంగతి తేలిగ్గా తీసుకోకండి. మా చెల్లెలి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ, అందుకే వీసా మీద పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ అని (పేరు తెలియదన్న అర్థంలో) మూడక్షరాలు వచ్చాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంది, డిగ్రీలో ఒక్క అక్షరమే ఉంది. ఫారంలో 'వాడిన ఇతర పేర్లు' అన్న చోట ఈ రూపాలన్నీ రాశాం. ఒక్కటి కూడా వదలలేదు.

మీలో ఎవరికైనా ఇది రెండో పెళ్లి అయితే కోర్టు విడాకుల డిక్రీ ధ్రువీకరించిన నకలు తప్పనిసరి. పెద్దమనుషులు రాయించిన ఒప్పంద పత్రం మీద ఆశ పెట్టుకోకండి.

కట్టలో ఏమేమి ఉంటాయి

పౌరుడైన భర్త లేదా భార్య సంతకం చేసేది ఐ-130. దానికి తోడు మీ వివరాలతో ఐ-130ఏ. గ్రీన్‌కార్డు కోసం మీరు పెట్టేది ఐ-485. పని అనుమతికి ఐ-765, ప్రయాణ అనుమతికి ఐ-131. పౌరుడి ఆర్థిక హామీకి ఐ-864. వైద్య పరీక్షకు ఐ-693. వీటన్నిటినీ ఒకేసారి, ఒకే కట్టగా పంపవచ్చు.

2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న లెక్క ప్రకారం కాగితం మీద పంపే ఐ-130కి 675 డాలర్లు, ఐ-485కి 1,440, ఐ-485తో పాటు పెట్టే ఐ-765కి 260, ఐ-131కి 630. అన్నీ కలిపితే 3,005 డాలర్లు. వైద్య పరీక్ష ఖర్చు దీనికి అదనం. పంపే రోజున యూఎస్‌సీఐఎస్ రుసుముల పేజీ మరోసారి చూడండి. ప్రతి ఫారానికి డబ్బు విడివిడిగా చెల్లించాలి. 2025 అక్టోబరు చివరి నుంచి చెక్కులు తీసుకోవడం మానేశారు. కార్డుతో అయితే జీ-1450, బ్యాంకు ఖాతా నుంచి అయితే జీ-1650 ఫారం జతచేయాలి.

వైద్య పరీక్షను యూఎస్‌సీఐఎస్ గుర్తించిన సివిల్ సర్జన్ మాత్రమే చేయాలి, మన కుటుంబ వైద్యుడు కాదు. 2024 డిసెంబరు 2 నుంచి ఐ-693ను ఐ-485తో పాటే పెట్టాలి, తర్వాత ఇస్తామంటే కుదరదు. సీల్ చేసిన కవరును తెరవకండి. చిన్నప్పటి టీకాల కార్డు ఇంటి నుంచి తెప్పించుకుంటే మళ్లీ సూదులు పొడిపించుకునే బాధ కొంత తప్పుతుంది.

ఐ-864ను తేలిగ్గా సంతకం పెట్టే కాగితంగా చూస్తారు. అది ఒప్పందం. పౌరుడి ఆదాయం పేదరిక రేఖకు 125 శాతం ఉండాలి. 2025 లెక్కలో ఇద్దరున్న కుటుంబానికి అది 26,437 డాలర్లు. తక్కువైతే అమెరికాలో ఉంటున్న పౌరుడో, గ్రీన్‌కార్డు ఉన్నవారో ఉమ్మడి హామీదారుగా నిలబడవచ్చు. విడాకులైనా ఈ బాధ్యత పోదు. మీరు పౌరులు అయ్యేదాకానో, ఉద్యోగ లెక్కలో 40 త్రైమాసికాలు (సుమారు పదేళ్ల పని) పూర్తయ్యేదాకానో ఉంటుంది. బావగారినో బాబాయినో సంతకం అడిగే ముందు ఈ మాట వారికి విప్పి చెప్పండి.

ఇక ఐ-485లోని అవును, కాదు ప్రశ్నలు. పేజీలకు పేజీలు ఉంటాయి. మేము మొదట డబ్బిచ్చి ఒకరి చేత ఫారం నింపించాం. ఆయన అన్నిటికీ 'కాదు' అని గుర్తు పెట్టి పంపారు. ఆ రాత్రి ఒక్కొక్క ప్రశ్న పైకి చదువుతుంటే, "మీకెప్పుడైనా వీసా నిరాకరించారా?" అన్న చోట చెల్లెలి వేలు ఆగింది. 2019లో ఎంఎస్‌ కోసం ఎఫ్-1కు వెళ్లి రెండుసార్లు తిరస్కరణ పొందింది. ఆ సంగతి వారి కంప్యూటర్‌లో ఉంది, మా ఫారంలో లేదు. 'అవును' అని మార్చి, తేదీలతో అరపేజీ వివరణ రాశాం. వీసా రాకపోవడం నేరం కాదు, దాన్ని దాచడమే ముప్పు. ఫారం ఎవరు నింపినా సంతకం మీది. అమెరికాలో నోటరీ అంటే న్యాయ సలహా ఇచ్చే అధికారం ఉన్నవారు కారు. గడువు దాటినవారు, పాత కేసులున్నవారు, వచ్చేటప్పుడు మాట తేడాగా చెప్పామని భయపడేవారు ఇమిగ్రేషన్ న్యాయవాదికి ఫైలు చూపించకుండా పంపవద్దు.

పెళ్లి నిజమైనదని చూపడానికి ఇద్దరి పేర్లతో ఇంటి అద్దె ఒప్పందం, ఉమ్మడి బ్యాంకు ఖాతా, బీమాలో నామినీగా పేరు, రెండు కుటుంబాలు కలిసిన ఫొటోలు పెట్టండి. కొత్త జంటకు ఇవన్నీ కొద్దిగానే ఉంటాయి, ఉన్నవే పెట్టండి. ఇంటర్వ్యూ నాటికి పెరుగుతాయి.

ఫారం ఎడిషన్ తేదీ వెబ్‌సైటులో ఉన్నదేనా చూడండి. సంతకం మరచినా, డబ్బు లెక్క తప్పినా కట్ట మొత్తం తిరిగి వస్తుంది, అప్పుడు మీరు దరఖాస్తు చేసినట్టే కాదు. అందుకే ఐ-94 గడువుకు కనీసం నెల ముందు పంపండి.

పంపిన తర్వాత

కొన్ని వారాల్లో రసీదులు, ఆ తర్వాత వేలిముద్రలకు పిలుపు వస్తాయి. దరఖాస్తు నడుస్తున్నంత కాలం మీరు ఇక్కడ ఉండటానికి అనుమతి ఉన్నట్టే లెక్కిస్తారు కానీ, అది పూర్తి స్టేటస్ కాదు. పిటిషన్ పెట్టినంత మాత్రాన దేశం నుంచి పంపించే చర్యల నుంచి రక్షణ రాదని 2025 ఆగస్టులో యూఎస్‌సీఐఎస్ స్పష్టంగా రాసింది. అదే ఏడాది నవంబరులో శాన్ డియాగోలో గ్రీన్‌కార్డు ఇంటర్వ్యూకు వెళ్లిన కొందరిని, గడువు దాటారన్న కారణంతో అక్కడే అదుపులోకి తీసుకున్నారు. వారిలో పౌరుల భార్యలు, భర్తలు ఉన్నారు. గడువు దాటినా గ్రీన్‌కార్డు ఇవ్వవచ్చన్న చట్టం మారలేదు, కానీ గడువులోపు పంపడం విలువ ఇదివరకటికన్నా పెరిగింది.

పని అనుమతి కార్డు వచ్చేదాకా జీతానికి పనిచేయకండి. ఏ ఉద్యోగ ఫారంలోనూ పౌరురాలినని గుర్తు పెట్టకండి, ఓటరుగా నమోదు కాకండి. ఈ తప్పుకు పౌరుడి భార్యకైనా మినహాయింపు లేదు.

ప్రయాణం గురించి ఎంత చెప్పినా తక్కువే. అడ్వాన్స్ పరోల్ (ఐ-131తో అడిగిన ప్రయాణ అనుమతి) చేతికి రాకుండా దేశం దాటితే ఐ-485 వదిలేసుకున్నట్టే. 180 రోజులకు మించి గడువు దాటి ఉండి వెళ్లిపోతే మూడేళ్లు, ఏడాది దాటితే పదేళ్లు రానివ్వరు. పరోల్‌తో వెళ్లి వస్తే ఆ పదేళ్ల నిషేధం వర్తించదని 2012లో అప్పీళ్ల బోర్డు తేల్చింది. ఆ కేసు పేరు అర్రబల్లి, ఎర్రబెల్లి. భారతదేశం నుంచి వచ్చిన దంపతులు వారు, ఇంటిపేర్లు చూస్తే మన వాళ్లే అనిపిస్తుంది. అయినా పరోల్ ఉన్నంత మాత్రాన తిరిగి రానిస్తారన్న హామీ లేదు. మా తాతయ్య పోయినప్పుడు చెల్లెలి పరోల్ ఇంకా రాలేదు. మేనమామలు పాడె మోస్తుంటే ఫోనులో చూసింది. కాబట్టి ఇంట్లో పెద్దవారి ఆరోగ్యం బాగా లేకపోతే, దరఖాస్తు పెట్టే ముందే ఈ సంగతి కుటుంబంతో మాట్లాడుకోండి. తిరిగి వెళ్లి ముంబయి దారి పట్టడమే మేలనిపించే ఇళ్లు కూడా ఉంటాయి.

ఇల్లు మారితే పది రోజుల్లోపు ఏఆర్-11 ద్వారా చిరునామా తెలపాలి.

ఇంటర్వ్యూ రోజు

ఇద్దరూ వెళ్లాలి. పాస్‌పోర్టులు, పౌరసత్వ పత్రం, ధ్రువపత్రాల అసళ్లు, కొత్తగా చేరిన ఉమ్మడి కాగితాలు తీసుకెళ్లండి. ఇంగ్లీషు ఇబ్బంది అయితే దుబాసీని మీరే తీసుకెళ్లాలి, భర్త ఆ పని చేస్తానంటే అధికారులు సాధారణంగా ఒప్పుకోరు. ప్రమాణం చేయించి, ఎలా కలిశారు, పెళ్లి ఎక్కడ, ఎవరు వచ్చారు అని అడుగుతారు. మన పెద్దలు కుదిర్చిన పెళ్లి సంగతి దాచనక్కర్లేదు. "మా పిన్ని వాళ్ల స్నేహితులు చెప్పారు, రెండు ఇళ్లవారు మాట్లాడుకున్నారు, మేం నెల రోజులు మాట్లాడుకుని సరే అనుకున్నాం" అని చెల్లెలు ఉన్నదున్నట్టు చెప్పింది. గుర్తు లేనిదాన్ని గుర్తు లేదనే చెప్పండి.

పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఆమోదం వస్తే కార్డు రెండేళ్లకే ఇస్తారు. దాని గడువు ముగిసే ముందు 90 రోజుల్లో ఇద్దరూ కలిసి ఐ-751 (కార్డుపై ఉన్న షరతు తొలగించమని కోరే ఫారం) పెట్టాలి, రుసుము 750 డాలర్లు. ఈ రోజే ఆ తేదీ క్యాలెండర్లో రాసుకోండి.

అమ్మాయిలకు, వారి తల్లిదండ్రులకు ఒక మాట. "నీ గ్రీన్‌కార్డు నా చేతిలో ఉంది" అని బెదిరించి కొట్టే, హింసించే భర్తను భరించాల్సిన పని లేదు. హింసకు గురైనవారు భర్త సంతకం లేకుండా, ఆయనకు తెలియకుండా, ఐ-360 ద్వారా సొంతంగా దరఖాస్తు చేసుకోవచ్చు. ఐ-751కు కూడా ఒంటరిగా పెట్టుకునే వీలు ఉంది. అబ్బాయిలకూ ఇదే వర్తిస్తుంది.

కార్డు టపాలో వచ్చాక పేరు, పుట్టిన తేదీ సరిచూసుకోండి. దాని మీద 'రెసిడెంట్ సిన్స్' అని ఒక తేదీ ఉంటుంది. మూడేళ్లు పౌరుడితో కలిసి కాపురం చేస్తే పౌరసత్వానికి అర్హత వస్తుంది. ఆ మూడేళ్ల లెక్క ఆ తేదీ నుంచే మొదలవుతుంది.